రాజీ సీను మళ్ళా రాయి

తమ్ముడూ,

దేవరకొండ దిక్కు పత్తి రైతుల మీద నువ్వు రాసిన కథ చదివిన. కాయ పట్టని చేను బాగా పట్టుకున్నవ్. కానీ పాడు విత్తనం అమ్మిన కంపెనీ, రైతులు వేసిన కేసుల 12 లక్షలకు రాజీకి ఒప్పుకున్నది, జడ్జి సంతకం పెట్టిండు, ఊరంతా సంబురం అని ముగించినవ్. ముందుగాల, వినియోగదారుల కమిషన్ల కూసునేది అధ్యక్షుడు, సభ్యులు. 'జడ్జి' కొట్టెయ్యి.

అందరి తరఫున నలుగురు కేసు వెయ్యాలంటే అనుమతి కావాలె, మిగిలినోళ్ళకు నోటీసు పోవాలె. సివిల్ కేసులు ఎట్ల నడపాల్నో చెప్పే చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డరు 1, రూలు 8 ఇదే చెప్తది. 2019 వినియోగదారుల చట్టం కింద వేసే ఇట్లాంటి ఫిర్యాదులకూ అదే రూలు. రాజీ పడేముందు మళ్ళా నోటీసు పోవాలె. సివిల్ కోర్టుల కేసైతే ఆర్డరు 23, రూలు 3-బి ఇంకా గట్టిది: కోర్టు అనుమతి రికార్డుల లేకుంటే ఆ రాజీ చెల్లదు.

నీ కథల రెండో నోటీసే లేదు. మంది ఎక్కువైతే పేపర్ల ప్రకటన ఇస్తరు. పత్తి ఏరే రోజుల్ల, ఇంగ్లిషు పేపరు మూలకు పడ్డ ప్రకటన తండాల ఎవరు చూస్తరు? అక్కడ ఒక పేజీ ఆగు.

ఇగ పంపకం. 12 లక్షలు, 60 మంది, తలా 20 వేలు. చూస్తే సమానమే. రెండెకరాలోనికీ ఆరెకరాలోనికీ అంతేనా? పాసుపుస్తకాలు చూసి లిస్టు రాస్తే కౌలు రైతు పేరు ఎగిరిపోతది. విత్తనం కొన్నదీ, మునిగిందీ ఆయనే. సంతకం పెట్టిన నలుగురికి పక్కకు ఏమన్నా ముట్టిందా? ఇవన్నీ అడగకుంటే రాజీ న్యాయమైందో కాదో తేలది.

మొత్తం ఎంతన్నది ఒక్కటే చూడరు. ల్యాబు రిపోర్టు ఎంత గట్టిది, ఓడిపోయే భయమెంత, అప్పీళ్ళల్ల ఎన్నేండ్లు పోతయి, వాటితోని తూచి చూస్తరు. రైతు కూడా వినియోగదారుడేనని 2012ల సుప్రీంకోర్టు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసుల తేల్చింది. కాబట్టి నీ కంపెనీ వకీలు 'రైతు వినియోగదారుడు కాడు' అన్న వాదన పట్టుకుంటే నవ్వులపాలైతడు.

అమెరికా పద్ధతి ఇక్కడ అతికించకు. అందరి తరఫున వేసే కేసులకు అక్కడి ఫెడరల్ కోర్టులల్ల ఉన్న రూలు 23 ప్రకారం పైసల కేసుల్ల ఇష్టం లేనోడు బయటికి పోవచ్చు, రాజీ సొమ్ములకెళ్ళి లాయర్ల ఫీజెంతో జడ్జి చూస్తడు. మన వకీళ్ళు గెలిచిన సొమ్ముల వాటా మాట్లాడుకోనే రాదు.

భోపాల్ గ్యాసు కేసు తీర్పులు చదువు. 1989 ఫిబ్రవరిల ప్రభుత్వానికీ యూనియన్ కార్బైడ్ కంపెనీకీ 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది, బాధితులను అడగకుండనే. 1991 అక్టోబరుల సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని ఉంచింది. కానీ క్రిమినల్ కేసులను మళ్ళా తెరిచింది, సొమ్ము తక్కువైతే ప్రభుత్వమే నింపాలన్నది.

సంబురం తీసేసి, ఆ కౌలు రైతును కమిషన్ ముందు నిలబెట్టు. చేతిల విత్తనం బిల్లు, ఖాళీ సంచి మీద లాట్ నంబరు. 'లిస్టుల నా పేరెందుకు లేదు సారూ?' అని అడగనియ్యి. జవాబు నువ్వు చెప్పకు, అధ్యక్షుని ఆర్డరుల రాయించు.