పెచ్చు ఊడిన గోడ దగ్గర బండి ఆపినవాడికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలోని న్యూ మెక్సికోలో శాంటా ఫే అనే ఊరిని గైడు వెంట ఎలక్ట్రిక్ సైకిలు మీద చూసివచ్చి రాసిన నీ యాత్రా వ్యాసం ‘శాంటా ఫేలో స్వప్న విహారం’ అందింది. భాషలో తడబాటు లేదు, అంతవరకు సంతోషం. కానీ ప్రతి మలుపులోనూ నీ మనసు పులకిస్తూనే ఉంది. “గైడు ఏదో చరిత్ర చెబుతున్నాడు, నేను మాత్రం చల్లగాలిలో తేలిపోతున్నాను” అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి కాగితాలు పక్కన పడేశాను. మర్నాడు మళ్ళీ తీసి చదివితే, చివరి పేజీలలో ఒక గోడ కనబడింది. పెచ్చు ఊడిన చోట వేలు పెట్టి చూస్తే గడ్డిపోచ చేతికి వచ్చిందనీ, నంద్యాల దగ్గర, పైకప్పు మీద చవుడు మట్టి పరిచిన మీ తాతగారి మిద్దె గుర్తుకొచ్చిందనీ రెండు వాక్యాలు రాసి, వెంటనే ఐస్‌క్రీము దుకాణానికి వెళ్ళిపోయావు. ఆ గడ్డిపోచ లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాను.

ఒక ఊరి గురించి రాయదలచుకున్నవాడు దాన్ని దేనితో కట్టారు, ఎవరు కట్టారు, పడిపోకుండా ఏటేటా ఎవరు చూసుకుంటున్నారు అని ముందుగా అడగాలి. నీ పులకింతలన్నీ దాని తరవాతే. ఆ ఊళ్ళో పాత ఇళ్ళు మట్టీ ఇసుకా గడ్డీ కలిపి, అచ్చు పోసి, ఎండలో ఆరబెట్టిన పచ్చి ఇటుకలతో కట్టినవి. పైన దుంగల దూలాలు, వాటి మీద అడ్డంగా సన్నని కర్రలు, ఆ పైన మట్టి, వాన నీళ్ళు గోడకు తగలకుండా దూరంగా పడేట్టు చూరు దాటి పొడుచుకొచ్చిన కొయ్య దోనెలు. కర్నూలు జిల్లాలో పుట్టి మిద్దె మీద పడుకుని పెరిగినవాడివి, ఇది డాలస్ నుంచి వెళ్ళిన మరే యాత్రికుడికన్నా నీకే ఎక్కువ తెలియాలి. అక్కడ గోడలు మెత్తే పని తరతరాలుగా ఆడవాళ్ళదని నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అదే రాష్ట్రంలో టావోస్ అనే ఊరి పక్కనున్న రాంచోస్ చర్చికి 1967లో సిమెంటు పూశారు. తడి బయటికి పోయే దారి లేక లోపల మట్టి దెబ్బతింటున్నదని తెలిశాక దాన్ని చెక్కేసి మళ్ళీ మట్టికే వచ్చారు. ఇప్పటికీ వేసవిలో ఊరివాళ్ళంతా చేరి ఆ గోడలు మెత్తుకుంటారు. మన పల్లెల్లో మట్టి గోడకు సిమెంటు పూసి, ఇల్లు చెమ్మ పట్టిందని తల పట్టుకున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఇంకొక సంగతి. నువ్వు మురిసిపోయిన గోధుమరంగు భవనాలలో ఎన్నో నిజానికి మట్టివి కావు. లోపల కర్ర చట్రం, పైన మట్టిరంగు సిమెంటు. 1912లో న్యూ మెక్సికో రాష్ట్రమైన సంవత్సరమే, పాత రూపాన్ని నిలబెట్టుకుంటే యాత్రికులు వస్తారని ఊరిపెద్దలు లెక్క వేసుకున్నారు. 1957లో పాత బస్తీలో ఎవరైనా ఆ వరసలోనే కట్టాలని చట్టం చేశారు. ఏ గోడ మట్టిది, ఏది వేషం కట్టింది అని నీ గైడును అడిగి ఉంటే నీ వ్యాసం అక్కడే మొదలై ఉండేది.

నీ ఎలక్ట్రిక్ సైకిలు మీద నాకు కోపం లేదు. పెడలు మీద కాలి ఒత్తిడి పడగానే మోటారు తోడు వస్తుంది. అటువంటి బండ్లలో సాధారణంగా వేగం గంటకు 20 మైళ్ళు దాటితే ఆ తోడు ఆగిపోతుంది. అయితే ఆ ఊరు దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది. మా అమ్మాయి ఆల్బకర్కీలో ఉన్న రోజుల్లో నేను శాంటా ఫేలో చిత్రశాలల వీధి అయిన కెన్యన్ రోడ్డు నడిచే ఎక్కాను, కనబడిన ప్రతి బల్ల మీదా కూర్చున్నాను. నీకు ఆ ఆయాసం లేకుండా మోటారు చూసుకుంది, ఆ మాటైనా రాయలేదు. నిజానికి ఆ ఊరు కళాకారుల ఊరు కావడంలో పల్చని పొడిగాలికి పెద్ద పాత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు పీల్చి, క్షయ పట్టిన చిత్రకారుడు విల్ షూస్టర్ ఊపిరితిత్తుల కోసం 1920లో అక్కడికి వచ్చాడు. మరుసటి ఏడాది మరో నలుగురు చిత్రకారులతో జట్టు కట్టి, కెన్యన్ రోడ్డుకు దగ్గరలోనే తమ ఇళ్ళు తామే మట్టితో కట్టుకున్నాడు. మట్టి గుడిసెల్లో అయిదుగురు పిచ్చివాళ్ళని ఊరు నవ్వింది. ఆ ఊరి నిర్మాణ శైలికి రూపం ఇచ్చిన వాస్తుశిల్పి జాన్ గా మీమ్ కూడా అదే 1920లో క్షయరోగిగానే వచ్చాడు. ఊపిరి ఆడనివాళ్ళు నిలబెట్టిన వీధిలో నువ్వు ఊపిరి ఎగపోయకుండా తిరిగి వచ్చావు. మిగిలిన ఆ ఊపిరితో గైడు మాట వినవలసింది.

ఇలాంటివి రాస్తే ఎడిటర్లు ఒప్పుకోరని నీ ఉత్తరంలో భయపడ్డావు. ఒప్పుకోరు. మా ఊళ్ళో మిద్దెల మీద చవుడు పరిచే పనివాళ్ళ మీద నేను ఒకప్పుడు ఒక వారపత్రికకు వ్యాసం పంపాను. మట్టి పాళ్ళు, కూలి రేట్లు పాఠకుడికి దేనికి, మీకేమనిపించిందో రాయండి అని ఎడిటరుగారు వాటిని కోసేసి, మిగిలిన దానికి సూర్యాస్తమయం బొమ్మ జోడించి అచ్చు వేశారు. సంచిక పట్టుకెళ్ళి చూపిస్తే మా మేస్త్రి రెండుసార్లు చదివించుకుని, “నా పని ఏదయ్యా ఇందులో?” అన్నాడు. ఇప్పుడు వారపత్రికలు పోయాయి గానీ ఆ జబ్బు పోలేదు. ఫొటో కింద నాలుగు పులకింతలు పెట్టి దాన్నే యాత్రా రచన అంటున్నారు.

ఊరి నడిమధ్యనున్న ప్లాజా మైదానానికి ఉత్తరాన ఉన్న గవర్నర్ల ప్యాలెస్ వసారాలో బేరమాడి నీలిరాయి ఉంగరం కొన్నానని గొప్పగా రాశావు. అది 1610 ప్రాంతంలో స్పెయిన్‌వాళ్ళు కట్టిన భవనం. 1680లో అక్కడి మూలవాసులైన ప్యూబ్లో ప్రజలు తిరగబడి వాళ్ళను తరిమేసి, పన్నెండేళ్ళు అందులో కాపురం ఉన్నారు. ఈనాడు ఆ వసారాలో కూర్చునే మూలవాసులు తాము గాని తమ ఇంటివాళ్ళు గాని చేసిన వస్తువులే అమ్మాలన్నది నియమం. అంటే ఆ ఉంగరం ఎవరు చేశారో చెప్పగలిగిన మనిషే నీ ఎదురుగా కూర్చుంది. ధర తగ్గించమని మాత్రమే అడిగావు!

చిత్రకారిణి జార్జియా ఒకీఫ్ “ఈ వీధుల్లో తిరుగుతూ బొమ్మలు వేసింది” అన్న పేరా కొట్టివేయి. 1997లో తెరిచిన ఆమె మ్యూజియం ఆ ఊళ్ళో ఉంది గానీ, ఆమె దశాబ్దాల పాటు ఉండి పనిచేసింది ఉత్తరాన అబిక్యూలోనూ, ఘోస్ట్ రాంచ్‌లోనూ. శాంటా ఫేకు మకాం మార్చింది చివరి రెండేళ్ళే.

రెండో ప్రతిని ఏ పత్రికకూ పంపకు, ముందు నాకు పంపు. ఫొటోలు వద్దు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండేట్టు చూడు, మొన్న కంటి ఆపరేషన్ అయింది.

ఆశీస్సులతో.