మొదటి వారాన్ని దాటవేయకు

రాజమహేంద్రవరం

చిరంజీవి లలితకు పెదనాన్న ఆశీస్సులు.

నీవు హైఫా నుంచి పంపిన ఉత్తరాన్ని మీ నాన్న నాకు చదివి వినిపించాడు. కంటి ఆపరేషన్ తర్వాత డాక్టరు నన్ను ఇంకా చదవనివ్వడం లేదు కాబట్టి ఈ జవాబు కూడా నేను చెబుతుంటే వాడే రాస్తున్నాడు. పెసహ్ పండుగ రెండో రాత్రి నుంచి 49 రోజులపాటు యూదులు చేసే ఓమెర్ లెక్కను నీవూ పాటించాలనుకుంటున్నావనీ, ఒక్కొక్క రోజుకు చెప్పిన సెఫిరాను, అంటే దైవగుణాన్ని, మనసులో నిలుపుకొని నీ నడవడిని సరిదిద్దుకోవాలన్నది నీ సంకల్పమనీ విని చాలా సంతోషించాను. మన ఇంట్లో యూదుల మార్మిక విద్య అయిన కబ్బాలా పుస్తకాల దుమ్ము దులిపేవారు నా తర్వాత మరొకరు ఉంటారని నేను ఎన్నడూ అనుకోలేదు. అయితే వాత్సల్యం నీకు కొత్తగా నేర్చుకోవలసిన విషయం కాదనీ, నీకు కొరవడినది కట్టుబాటేననీ, అందువల్ల హెసెద్‌కు చెందిన మొదటి వారాన్ని వదిలిపెట్టి గెవురాకు చెందిన రెండో వారంతోనే మొదలుపెడతాననీ చివర్లో రాశావు. ఆ మాట విన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి లెక్కను చీకటి పడ్డాక చెప్పుకోవాలి. దానికి ముందు చదివే ఆశీర్వచనంలో దేవుడు తమకు ఆజ్ఞాపించాడని వారు చెప్పుకుంటారు. ఆ ఆజ్ఞ లేవీయకాండంలో వారికి వచ్చినది కనుక నీవు దాని జోలికి పోకుండా రోజు సంఖ్యను మాత్రం చెప్పుకోవడం మర్యాద. ఒక రోజు మరిచిపోతే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టకు. వారిలోనూ ఒక రోజంతా మరిచినవారు ఆశీర్వచనం మానుకొని లెక్కను కొనసాగిస్తారు. పండుగ భోజనానికి ఎవరైనా పిలిస్తే మీ అమ్మ పంపిన జంతికలు పట్టుకొని వెళ్లకు, ఆ వారంలో వారి వంటింటి నియమాలు మనకు ఒక పట్టాన అంతుబట్టవు, పూలు తీసుకువెళ్లు. ఎర్ర దారాలు, మంత్రించిన నీళ్లు అమ్మేవారు తారసపడితే పర్సు తీయకుండా ముందుకు సాగిపో.

చక్రాల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. పది సెఫిరాలను మన చక్రాలతో జతపరచే బొమ్మలు నీకు తప్పకుండా కనిపిస్తాయి, మనవాళ్లకు అవి వెంటనే నచ్చుతాయి కూడా. చక్రాలు సాధకుడి దేహంలో భావించేవి. సెఫిరాలు భగవంతుడు తనను తాను వెల్లడించుకునే పది తీరులు, వాటి పోలికలో మనిషి నడుచుకోవడమన్నది ఆ తర్వాతి సంగతి. ఈ రెండింటినీ కలిపితే రెండూ చెడతాయి. ‘సెఫెర్ యెత్సిరా’ అనే ప్రాచీన గ్రంథం సెఫిరాల గురించి చెబుతూ పదే గాని తొమ్మిది కావనీ, పదే గాని పదకొండు కావనీ హెచ్చరించింది, కాబట్టి ఏడుకో ఆరుకో సరిపెట్టే ప్రయత్నం చేయకు.

ఇక అసలు విషయానికి వస్తాను. పదమూడో శతాబ్దం చివర స్పెయిన్‌లోని కాస్తీల్ ప్రాంతంలో వెలుగులోకి వచ్చిన జొహర్ గ్రంథం మొదలుకొని ఈ సంప్రదాయమంతటా కుడివైపు హెసెద్, ఎడమవైపు గెవురా, ఆ రెండింటినీ కలిపే తిఫెరెత్ నడుమ ఉంటాయి. హెసెద్ అంటే అడగకముందే ఇచ్చే గుణం, గెవురా అంటే ఆ ఇవ్వడానికి హద్దు గీసే గుణం. మన ధవళేశ్వరం కాలువలకు గట్టు ఎంత అవసరమో హెసెద్‌కు గెవురా అంత అవసరం. అయితే నీళ్లు వదలని కాలువకు ఏటేటా గట్టు పెంచుకుంటూ పోయే రైతును నీవెక్కడైనా చూశావా? ఎడమవైపు గుణం కుడివైపు నుంచి విడిపోయి ఒంటరిగా పెరిగితే అదే కీడుకు మూలమవుతుందని జొహర్ పండితులు చెబుతారు. అది రాక్షసుల కథ కాదు, మనబోటివాళ్ల ఇళ్లలో రోజూ జరిగే సంగతి. (మీ నాన్న ఇక్కడ కలం ఆపి నా వంక చూశాడు. రాయమన్నాను.)

నీ స్వభావం నాకు తెలుసు కనుకనే ఇంతగా చెబుతున్నాను. నాలుగో తరగతిలో లెక్కల పుస్తకంలో ఒక్క సిరా మరక పడితే పేజీ మొత్తం చింపి, నానమ్మ దీపం ఆర్పేదాకా మళ్లీ రాసిన పిల్లవు నీవు. కట్టుబాటు కొరవడినదని నీ గురించి నీవు రాసుకున్నావంటే, ఉన్నదానిని కూడా చాలదనుకొనే జబ్బు నీకు ఇంకా నయం కాలేదన్నమాట.

1992లో మన దేశానికీ ఇజ్రాయెల్‌కూ మధ్య పూర్తి దౌత్య సంబంధాలు ఏర్పడిన కొన్నేళ్లకు నేను జెరూసలేంలో కొంతకాలం చదువుకున్న సంగతి నీకు తెలుసు. గివత్ రామ్‌లోని జాతీయ గ్రంథాలయంలో కబ్బాలా పరిశోధకుడు గెర్షోమ్ షోలెమ్ సొంత పుస్తకాలతో ఒక పఠన మందిరం ఉండేది, నేను పగలంతా అక్కడే గడిపేవాణ్ణి. నేను అద్దెకున్న ఇంట్లో పక్క గదిలో నావంటి పరదేశి విద్యార్థి ఒకడు ఉండేవాడు. అతని పేరూ దేశమూ నీకు అవసరం లేదు. చురుకైనవాడు, హీబ్రూ నాకంటే ఎన్నో రెట్లు బాగా వచ్చినవాడు. ఆ వసంతంలో అతడూ నీలాగే ఓమెర్ లెక్క మొదలుపెట్టాడు. కొన్ని ప్రార్థన పుస్తకాలలో ప్రతి రాత్రి లెక్క తర్వాత, ఆ రోజు సెఫిరాలో తాను కలిగించిన లోపం సరిదిద్దబడాలని కోరే చిన్న ప్రార్థన ఉంటుంది. అతడు ఆ ఒక్క ప్రార్థననే పట్టుకున్నాడు. ముందు లోపాలన్నీ ఏరిపారేస్తే ప్రేమ దానంతట అదే వస్తుందన్నది అతని వాదన.

గళ్ల కాగితాల నోటుబుక్కు ఒకటి కొని ప్రతి పేజీని స్కేలుతో నిలువుగా రెండు భాగాలు చేశాడు. కుడి భాగం హెసెద్‌కు, ఎడమ భాగం గెవురాకు. ఎడమ భాగం చీమ తలకాయంత అక్షరాలతో కిక్కిరిసి ఉండేది: అతిగా మాట్లాడాను, ఆలస్యంగా లేచాను, రెండోసారి వడ్డించుకున్నాను. కుడి భాగం ఖాళీ. వ్యర్థ ప్రసంగమని మహనే యెహుదా బజారులో రోజూ పలకరించే కూరగాయల అతనితో మాటలు మానేశాడు. రాత్రి భోజనం మానేశాడు. చెక్కిళ్లు లోపలికి పోతుంటే అది సాధన ఫలమని లోలోపల మురిసిపోయేవాడని నాకు అనిపించేది.

ఇంటి యజమానురాలు కింది వాటాలో ఒంటరిగా ఉండే ముసలావిడ. ఒక సాయంత్రం ఆవిడ మెట్ల మీద కూలబడి పైకి చూస్తూ కేక వేసింది. అతడు గదిలోనే ఉన్నాడు, అది అతని ఆత్మపరిశీలన సమయం. కేక వినిపించిందని తర్వాత తానే చెప్పాడు. ఎదురింటి వాళ్లు వచ్చి ఆవిడను ఆసుపత్రికి తీసుకువెళ్లారు. నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉంది. ఆ రాత్రి అతడు నాకు నోటుబుక్కు తెరిచి చూపించాడు. ఆ రోజు పేజీలో ఎడమవైపు ఇలా ఉంది: ‘ఆపదలో ఉన్న పొరుగు మనిషికి సాయం చేయలేదు. శిక్ష: రేపు ఉపవాసం.’ చెప్పినట్టే మరునాడు ఉపవాసం చేశాడు, ఆసుపత్రికి మాత్రం వెళ్లలేదు. ఆ మరునాడు కూడా వెళ్లలేదు. తప్పును అంత నిజాయితీగా రాసుకున్న మనిషికి గిన్నెడు సూప్ పట్టుకొని బస్సెక్కాలన్న ఆలోచన మాత్రం రాలేదు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు అతని మీద కోపం కంటే భయమే ఎక్కువగా కలుగుతుంది, ఎందుకంటే అతడు చెడ్డవాడు కాడు, నీలాగే శ్రద్ధగలవాడు. నేను చూడడానికి వెళ్తే ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట, ఆ సన్నటి కుర్రాడు ఏమైనా తింటున్నాడా అని. ఆ ఏడు ఓమెర్ లెక్క ముగిశాక వచ్చే షావుఓత్ పండుగ రాకముందే అతడు చదువు మానుకొని తన దేశం వెళ్లిపోయాడు.

సఫెద్ పట్టణంలో 1570లో మరణించిన మోషే కొర్దొవేరో ‘తోమెర్ దెవోరా’ అని ఒక చిన్న పుస్తకం రాశాడు. సెఫిరాలను సిద్ధాంతంగా కాక నడవడిగా చెప్పిన పుస్తకం అది, నీవు మొదట చదవవలసినదీ అదే. అందులో హెసెద్ అధ్యాయంలో ధ్యానం ఊసే లేదనిపిస్తుంది: పుట్టిన బిడ్డకు కావలసినవి చూడడం, రోగిని పరామర్శించడం, లేనివారికి ఇవ్వడం, అతిథిని ఆదరించడం, చనిపోయినవారిని సాగనంపడం, పెళ్లికూతురిని పందిరి కిందికి తీసుకురావడం, తగవుపడిన ఇద్దరిని కలపడం. అయితే వీటిలో ప్రతి పనికీ పైలోకంలో ఒక జత ఉంటుంది. రోగిని చూడబోయే మనిషి ప్రవాసంలో ప్రేమతో జబ్బుపడి ఉన్న షెఖీనాను, అంటే మన మధ్య నివసించే దైవసన్నిధిని, కూడా పరామర్శిస్తున్నాడని ఆయన భావన. ఈ విద్యలో ప్రతీక పనిచేసే తీరు ఇదే. మెట్ల మీద కూలబడిన ముసలావిడను దాటుకొని వెళ్తే షెఖీనా ఎక్కడా దొరకదు.

గెవురా అధ్యాయం మరీ ఆశ్చర్యంగా ఉంటుంది. కఠినంగా ఉండడం ఎలాగో చెబుతాడని నీవు ఎదురుచూస్తావు. ఆయనేమో ఆ శక్తులను తన కోసం రేపుకోవద్దనీ, రేపవలసి వస్తే భార్యకు బట్టలు కొనడానికీ ఇల్లు అమర్చడానికీ మెత్తగా రేపి తియ్యబరచుకోమనీ చెబుతాడు. తనమీద తాను కొరడా ఝళిపించుకోమని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

కొర్దొవేరో తర్వాత సఫెద్‌లో వెలిగిన ఇస్సాక్ లూరియా 1572లో, నలభై ఏళ్లైనా నిండకముందే కన్నుమూశాడు. ఆయన తాను రాసింది చాలా తక్కువ, బోధనలు ఎక్కువగా శిష్యుడు హయీం వితాల్ రాతల ద్వారా మనకు అందాయి. సృష్టి మొదట్లో దివ్యకాంతిని పట్టవలసిన పది పాత్రలలో పై మూడూ నిలిచాయనీ, కింది ఏడూ నిలవలేకపోయాయనీ ఆయన చెప్పాడు. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా దేనికది విడిగా నిలబడడమే అందుకు కారణమట. ఓమెర్ లెక్కలో వచ్చేవి ఆ కింది ఏడే. అందుకే ఏ వారమూ ఒక్క గుణానికి పూర్తిగా ఇవ్వలేదు. గెవురా వారం మొదటి రోజు ‘గెవురాలోని హెసెద్’, హెసెద్ వారం రెండో రోజు ‘హెసెద్‌లోని గెవురా’. నీవు మొదటి వారాన్ని తీసేస్తే మిగిలేది 42 రోజుల లెక్క కాదు, విడివిడిగా నిలబడిన పాత్రల వరుస.

లూరియా బోధనలలోకి మాత్రం ఇప్పుడే లోతుగా దిగకు. షబ్బెతాయ్ జెవి తానే మెస్సీయనని ప్రకటించుకొని 1666లో ఒట్టోమన్ సుల్తాను ముందు ఇస్లాంలోకి మారినప్పుడు ఎన్ని ఊళ్ల యూదులు కుప్పకూలారో చరిత్రలో చదివే ఉంటావు. ఆ చిచ్చు చల్లారకే 1756లో బ్రోడీలో సమావేశమైన రబ్బీలు జొహర్ చదవడానికి 30 ఏళ్లు, లూరియా బోధనలు చదవడానికి 40 ఏళ్లు నిండాలని కట్టడి చేశారు. నీకు ముప్పై దాటాయి కనుక జొహర్ పేజీలు తిరగేయవచ్చు, అదీ తెలిసినవారి పక్కన కూర్చొని.

మొదటి వారం ఏం చేయాలని అడుగుతావు. నోటుబుక్కు కొనుక్కో, వద్దనను. కానీ ఆ ఏడు రాత్రులూ నీ తప్పులు ఒక్కటి కూడా రాయకూడదు. ఆ రోజు ఎవరికి ఏమి ఇచ్చావో, ఎవరు నీకు ఏమి ఇచ్చారో రాయి. మీ ప్రయోగశాలలో గాజుసామాను కడిగే మనిషి పేరు నీకు తెలియకపోతే తెలుసుకో. రోజుకు రెండు పూటలా తిను, పెరుగన్నమైనా సరే. రెండో వారంలో నీవు ఎలాగూ నీ మీద విరుచుకుపడతావని నాకు తెలుసు, అప్పుడు కూడా మొదటి వారం పేజీలు పక్కన తెరిచి ఉంచుకో. వారానికొకసారి మీ నాన్నకు ఫోన్ చేసి ఆ పేజీలు నాకు చదివించు. వాడు పైకి విసుక్కుంటాడు గాని రెండుసార్లు చదువుతాడు.

చివరిగా ఒక మాట, దీనిని మాత్రం ఆజ్ఞగానే తీసుకో. ముప్పై మూడో రోజు, అంటే అయిదో వారపు సెఫిరా హోద్ పేరిట ‘హోద్‌లోని హోద్’ నాడు, జొహర్ కర్తగా సంప్రదాయం చెప్పే రబ్బీ షిమోన్ బార్ యొహాయ్ సమాధి ఉన్న మెరోన్ కొండ మీద మంటలు వేసి లక్షల మంది ఉత్సవం చేస్తారు. 2021లో అక్కడి తొక్కిసలాటలో 45 మంది చనిపోయారు. 2015 పుష్కరాల మొదటి రోజున మన ఘాట్ దగ్గర ఏం జరిగిందో చూసిన ఊరివాణ్ణి నేను, కాబట్టి నీతో పదిమంది స్నేహితులు వస్తున్నారన్నా ఒప్పుకోను. ఆ రాత్రి హైఫాలోనే ఉండు. కొర్దొవేరో, లూరియా సమాధులు చూడాలనుంటే మరో వారంలో, పండుగ లేని రోజున, పొద్దున్నే బస్సెక్కి సఫెద్ వెళ్లు. శ్మశానం కొండవాలు మీద ఉంటుంది, దిగేటప్పుడు సులువే గాని ఎక్కేటప్పుడు ఎండ చంపేస్తుంది. మంచి బూట్లు వేసుకొని రెండు సీసాల నీళ్లు తీసుకువెళ్లు.

ఇట్లు
పెదనాన్న