కీహోల్ సర్జరీలో చెయ్యి తిరగాలంటే: సర్జన్ల ప్రశ్నలకు జవాబులు

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల సర్జన్ల నుంచి, ఆపరేషన్ థియేటర్ సిబ్బంది నుంచి ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం లాపరోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు చేసి, కెమెరా తెరమీద చూస్తూ చేసే కీహోల్ సర్జరీ) శిక్షణ గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా ఓపెన్ సర్జరీ చేస్తున్నాను. ఈ మధ్య మూడు రోజుల లాపరోస్కోపీ కోర్సు చేసి పరీక్ష కూడా పాసయ్యాను. తిరిగొచ్చి థియేటర్‌లో నిలబడితే చేతులు మాట వినడం లేదు. యాభై దాటాక ఇది పట్టుబడుతుందా? మళ్లీ మళ్లీ చెన్నైకో కోయంబత్తూరుకో పరుగెత్తాల్సిందేనా? – సర్జన్, కావలి

జవాబు: పట్టుబడుతుంది డాక్టరుగారూ. 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో మన దేశపు మొదటి లాప్ కోలీ (లాపరోస్కోపీతో పిత్తాశయం తీసే ఆపరేషన్) చేసిన డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియాకు అప్పటికి యాభై దాటాయి. కాకపోతే ఆయన 1972 నుంచే రోగ నిర్ధారణ కోసం లాపరోస్కోపీ చేస్తున్నారు. తెరమీద కడుపును చూస్తూ పనిచేయడం ఆయనకు ఎప్పటి నుంచో అలవాటు. మీకు ఇంకా రానిది ఆ అలవాటే, అది మూడు రోజుల్లో ఎవరికీ రాదు. పోర్టు (పరికరం లోపలికి వెళ్లే రంధ్రం) దగ్గర పొట్ట గోడ ఇరుసులా పనిచేస్తుంది కాబట్టి చెయ్యి కుడికి జరిపితే కొన ఎడమకు పోతుంది. తెరమీద లోతు తెలియదు. వేలికి తగిలే స్పర్శ చాలావరకు పోతుంది. ఈ మూడింటికీ మెదడు సర్దుకోవాలంటే రోజూ కొంచెం కొంచెం సాధన కావాలి. అందుకు కావలి దాటక్కర్లేదు.

సాధనకు ఒక ప్లాస్టిక్ డబ్బా, ఒక వెబ్‌క్యామ్, లోపల ఒక ఎల్ఈడీ పట్టీ, ఒక పాత మానిటర్ చాలు. కెమెరాను వైరుతోనే కలపండి. ఫోన్ నుంచి వైఫై మీద బొమ్మ పంపితే చెయ్యి కదిలాక కాసేపటికి తెర కదులుతుంది, ఆ ఆలస్యానికి చెయ్యి అలవాటు పడితే చెడు అలవాటే మిగులుతుంది. డబ్బా మూతకు రెండు రంధ్రాలు చేసి రబ్బరు వాషర్లు బిగించండి. పరికరం పొడవు సుమారు 33 సెం.మీ. అనుకుంటే సగం లోపల, సగం బయట ఉన్నప్పుడే చేతి కదలికా కొన కదలికా సమానంగా ఉంటాయి. కాబట్టి రంధ్రాల మధ్య 16 సెం.మీ., ఒక్కో రంధ్రం నుంచి పని జరిగే చోటుకు కూడా 16 సెం.మీ. ఉండాలి. అప్పుడు రెండు పరికరాలు 60 డిగ్రీల కోణంలో కలుస్తాయి. థియేటర్‌లో పోర్టులు పెట్టేటప్పుడు చూసుకోవాల్సిన కొలత కూడా ఇదే. పరికరాల పిడులు మోచేతి ఎత్తులో, తెర కంటి చూపుకు కాస్త కిందుగా ఉండాలి. ఆపరేషన్ అయ్యాక భుజాలు పట్టేస్తున్నాయంటే, చాలాసార్లు బల్ల ఎత్తుగా ఉందని అర్థం.

ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం కంటే రోజూ అరగంట మేలు. అమెరికాలో లాపరోస్కోపీ ప్రాథమిక నైపుణ్యాలకు పెట్టే ఎఫ్ఎల్ఎస్ పరీక్షలో ఐదు పనులుంటాయి: ఆరు రబ్బరు ముక్కలను ఒక చేతి నుంచి ఇంకో చేతికి గాలిలోనే అందించి పెగ్గుల మీద మార్చడం, గాజ్ గుడ్డ మీద గీసిన వలయాన్ని గీత తప్పకుండా కత్తిరించడం, లూపు బిగించడం, బయట ముడి వేసి లోపలికి నెట్టడం, లోపలే ముడి వేయడం. సాధనకు నిపుణుల లక్ష్యాలుగా వాడే సమయాలు మొదటిదానికి 48 సెకన్లు, వలయానికి 98, లోపలి ముడికి 112. మొదట్లో దీనికి రెండు మూడింతలు పడుతుంది, దిగులు పడొద్దు. ఒక్కసారి లక్ష్యం అందుకున్నామని ఆపొద్దు. వరసగా రెండుసార్లు, ఆ తర్వాత విడివిడిగా ఇంకో పదిసార్లు అదే సమయంలో చేస్తేనే పెగ్గుల పనీ లోపలి ముడీ వచ్చినట్టు లెక్క.

లోపలి ముడి దగ్గరే ఎక్కువమంది చతికిలబడతారు. దారం 15 సెం.మీ. కంటే పొడవు పెట్టడం మొదటి తప్పు, అది కెమెరా ముందంతా చిక్కుపడుతుంది. సూదిని లోపలికి దించేటప్పుడు సూదిని పట్టుకోకండి, దానికి 2–3 సెం.మీ. వెనక దారాన్ని పట్టుకోండి. లోపలికి వెళ్లాక సూది మొన నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, నీడిల్ హోల్డర్‌కు అడ్డంగా పట్టాలి. కుట్టు వేశాక దారం లాగి, తోక 2–3 సెం.మీ. మాత్రమే మిగల్చండి. పొడవాటి కొసను ‘సి’ ఆకారంలో పరిచి, ఆ వంపు మీద నీడిల్ హోల్డర్ ఉంచి, దారాన్ని రెండో చేత్తో దాని చుట్టూ రెండు చుట్లు తిప్పండి. తోక అందుకునేటప్పుడు రెండు కొనలూ కలిసి కదలాలి. ఒకటి ఆగి ఇంకొకటే వెళ్తే చుట్లు జారిపోతాయి. ఆ తర్వాత చేతులు మార్చుకుంటూ రెండు ఒంటి ముడులు.

ఇవి వచ్చాక కణజాలం మీద చేయాలి. మటన్ కొట్టులో లివర్ అడిగితే చేదు అంటుకుంటుందని పిత్తం తీసేసి ఇస్తారు. ముందు రోజే చెప్పి, పిత్తం తియ్యకుండా, దాని గొట్టం చుట్టూ ఉన్న కొవ్వు కూడా కోసేయకుండా మొత్తం లివర్ ఇమ్మనండి. గొర్రె పిత్తాశయం మీద సిస్టిక్ డక్ట్ (పిత్తాశయం నుంచి వచ్చే గొట్టం) విడదీయడం, క్లిప్పు పెట్టడం, పిత్తాశయాన్ని లివర్ నుంచి చీల్చకుండా ఒలవడం చక్కగా నేర్చుకోవచ్చు. చిల్లు పడితే ఆకుపచ్చ రసమే చెప్పేస్తుంది. కోడి తొడ చర్మం కుట్లకు బాగుంటుంది. సాధనకు వాడిన పరికరాలు మాత్రం మళ్లీ థియేటర్ గడప తొక్కకూడదు.

ఇక రోగి మీద మొదలుపెట్టినప్పుడు ఒంటరిగా దిగొద్దు. 1995లో సదరన్ సర్జన్స్ క్లబ్ ప్రచురించిన అధ్యయనంలో పిత్తనాళ గాయాల్లో 90 శాతం ఆ సర్జన్ల మొదటి 30 ఆపరేషన్లలోనే జరిగాయి. ఆ మొదటి ఆపరేషన్లకు నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో అనుభవమున్న సర్జన్‌ను పిలిపించుకోండి. ఇద్దరు ముగ్గురు రోగులను ఒకే రోజుకు పెట్టుకుంటే ఆయనకూ వీలుగా ఉంటుంది. మొదట ఎంచుకోవాల్సింది సన్నగా ఉన్న, ఈ మధ్య జ్వరం, కామెర్లు రాని, స్కానింగ్‌లో పిత్తాశయం గోడ మందం లేని, సీబీడీ (పేగులోకి పిత్తరసం తీసుకెళ్లే ప్రధాన పిత్తనాళం) వెడల్పు మామూలుగా ఉన్న రోగిని. ఓపెన్ సెట్టు ట్రాలీ మీద సిద్ధంగా ఉండాలి. కెమెరా, లైట్ సోర్స్, ఇన్‌సఫ్లేటర్ (పొట్టలోకి సీఓ2 నింపే యంత్రం) మూడింటినీ యూపీఎస్ మీద పెట్టండి. సీఓ2 సిలిండర్ ఇంకొకటి గదిలోనే ఉండాలి.

ప్రశ్న: లాప్ కోలీల్లో కెమెరా పట్టుకుంటున్నాను. సీనియర్లు ‘క్రిటికల్ వ్యూ వచ్చింది’ అని క్లిప్పు వేస్తారు. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియడం లేదు. – సర్జరీ పీజీ, ఒంగోలు

జవాబు: అడగాల్సిన ప్రశ్న అడిగావమ్మా. క్లిప్పు వేసేముందు ఏ గొట్టం ఏదో తేల్చుకోవడానికి సర్జన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో చెప్పిన ఈ పద్ధతిలో మూడు షరతులున్నాయి. హెపటోసిస్టిక్ త్రికోణంలో (సిస్టిక్ డక్ట్, లివర్ నుంచి వచ్చే పిత్తనాళం, లివర్ అంచు మధ్య ఉండే చోటులో) కొవ్వు, పీచు పూర్తిగా తొలగాలి. పిత్తాశయం కింది మూడో వంతు లివర్ నుంచి విడిపోయి, వెనకాల సిస్టిక్ ప్లేట్ (పిత్తాశయం ఆనుకుని ఉండే లివర్ మీది పొర) కనిపించాలి. పిత్తాశయంలోకి రెండే రెండు నిర్మాణాలు (సిస్టిక్ డక్ట్, సిస్టిక్ ఆర్టరీ) వెళ్తూ కనిపించాలి. సీబీడీ కనిపించాలన్న షరతు ఇందులో లేదు. దాని కోసం తవ్వుతూ పోవడమే ప్రమాదం. ఎక్కువమంది వదిలేసేది రెండో షరతు. రెండు గొట్టాలు కనబడగానే వచ్చేసిందనుకుంటారు.

గాయం ఎలా జరుగుతుందో తెలిస్తే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఫండస్‌ను (పిత్తాశయం కొనను) కుడి భుజం వైపు పైకి లాగడం సరే, హార్ట్‌మన్ పౌచ్‌ను (పిత్తాశయం మెడ దగ్గరి సంచిని) కూడా పైకే లాగితే సిస్టిక్ డక్ట్, సీబీడీ ఒకే గీతలోకి వచ్చేసి ఒకే గొట్టంలా కనిపిస్తాయి. పౌచ్‌ను రోగి కుడి పక్కకు, కాస్త కిందికి లాగాలి. అప్పుడే త్రికోణం విచ్చుకుంటుంది. లివర్ అడుగున కనిపించే రూవియర్ గాడి నుంచి లివర్ నాలుగో సెగ్మెంట్ అడుగు వరకు మనసులో ఒక గీత గీసుకుని, దానికి పైనే పనిచేయాలి. ముందు నుంచి ఒక ఫొటో, పౌచ్‌ను తిప్పి వెనక నుంచి ఒక ఫొటో తీశాకే క్లిప్పు. ఉండిపోయే వైపు రెండు, పిత్తాశయం వైపు ఒకటి. క్లిప్పు గొట్టం వెడల్పుకు చాలకపోతే అది సిస్టిక్ డక్టేనా అని ఆగి చూడాలి. పెద్ద క్లిప్పు అడగడం ఆ తర్వాతి మాట. రక్తం చిమ్మితే గుడ్డిగా క్లిప్పు వేయొద్దు. గాజ్ గుడ్డ ముక్కతో కొన్ని నిమిషాలు అదిమి, కడిగి, మూలం చూశాకే ఏదైనా.

త్రికోణం గట్టిగా అతుక్కుపోయి వ్యూ రాకపోతే సబ్‌టోటల్ కోలీసిస్టెక్టమీ (పిత్తాశయంలో కొంత వదిలి మిగతాది తీయడం) ఉంది, ఓపెన్ చేయడం ఉంది, డ్రెయిన్ పెట్టి బయటికి రావడం ఉంది. ఇవన్నీ మంచి సర్జరీలే. చిన్న గాటుతో పూర్తిచేయాలన్న పంతానికి రోగి పిత్తనాళం పణం కాకూడదు.

కెమెరా మనిషిగా నీ పని నేలను నేలగా, అంటే బొమ్మ పక్కకు ఒరగకుండా చూపించడం. కెమెరా తల నిలువుగానే ఉంచి, 30 డిగ్రీల స్కోపులో లైట్ కేబుల్‌ను మాత్రమే తిప్పు. ప్రతి ఆపరేషన్ రికార్డింగ్ తీసుకుని, మొదటి క్లిప్పుకు ముందు క్షణంలో ఆపి, మూడు షరతులూ ఉన్నాయా అని రాసుకో. కళ్లు పదునెక్కేది అక్కడే.

ప్రశ్న: మోనోపోలార్ (కరెంటుతో కోసే, రక్తం ఆపే పరికరం) వాడిన ఆపరేషన్లలో కొన్ని రోజుల తర్వాత పేగుకు చిల్లు బయటపడుతుందని వింటున్నాం. తెరమీద ఏమీ కనబడకుండా ఎలా కాలుతుంది? – గైనకాలజిస్ట్, నెల్లూరు

జవాబు: మూడు దారులున్నాయి డాక్టరుగారూ. హుక్ అనే ఆ పరికరం మీది ఇన్సులేషన్‌కు (కరెంటు బయటికి రాకుండా ఉండే పూతకు) కంటికి ఆనని చీలిక ఉంటే కరెంటు అక్కడి నుంచి పేగుకు దూకుతుంది. పరికరంలో ఎక్కువ భాగం తెర బయటే ఉంటుంది కాబట్టి చూసేవాళ్లుండరు. రెండోది, కరెంటు ఉన్న కొన వేరే లోహపు పరికరానికో స్కోపుకో తగలడం. మూడోది కెపాసిటివ్ కప్లింగ్ (పూత చెదరకపోయినా పక్కనున్న లోహంలో కరెంటు పుట్టడం). లోహపు ట్రోకార్‌కు (పోర్టులో దిగే గొట్టానికి) ప్లాస్టిక్ కాలర్ కలిపి వాడితే, ట్రోకార్‌లో పోగైన కరెంటు పొట్ట గోడలోకి చెదిరిపోయే దారి మూసుకుపోయి పేగు మీద దిగుతుంది. పూర్తిగా లోహం లేదా పూర్తిగా ప్లాస్టిక్ ట్రోకార్ వాడండి, రెండూ కలపకండి. కణజాలానికి తగలకుండా గాలిలో పెడల్ నొక్కకండి. పని జరిగేంత తక్కువ పవర్ పెట్టి, ఆపి ఆపి చిన్న విడతల్లో నొక్కండి. వీలున్నచోట కట్ మోడ్ వాడండి, దానిలో వోల్టేజీ తక్కువ. ప్రతి ఆపరేషన్‌కు ముందు హుక్‌ను వెలుతురులో తిప్పి చూడటం నర్సమ్మ పని అని వదిలేయకండి.

ప్రశ్న: లాపరోస్కోపీ అయి ఇంటికెళ్లిన రోగులు కొందరు నెల తర్వాత పోర్టు దగ్గర గడ్డ, చీముతో వస్తున్నారు. జ్వరం లేదు, కల్చర్‌లో ఏమీ రావడం లేదు, యాంటిబయాటిక్స్‌కు తగ్గడం లేదు. మేం కేసుకూ కేసుకూ మధ్య పరికరాలను గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు నానబెడుతున్నాం. – థియేటర్ ఇన్‌చార్జి, గూడూరు

జవాబు: మీరు రాసిన లక్షణాలు ఎటిపికల్ మైకోబాక్టీరియా (నీటిలో, మట్టిలో ఉండే, టీబీ క్రిమి జాతి బాక్టీరియా) వైపు వేలు చూపిస్తున్నాయి. ముందుగా ల్యాబ్‌కు చెప్పి చీమును ఏఎఫ్‌బీ స్టెయిన్ (ఆ క్రిములను పట్టే రంగు పరీక్ష) చేయించండి, కల్చర్ ప్లేట్లను రెండు రోజులకే పారేయకుండా వారం పైనే ఉంచమనండి. మామూలు టీబీ మందులు చాలాసార్లు దీనికి పనిచేయవు. క్లారిత్రోమైసిన్, అమికాసిన్ లాంటివి సెన్సిటివిటీ చూసి నెలల తరబడి వాడాల్సి వస్తుంది, కొన్నిసార్లు ఆ భాగాన్ని కోసి తీయాలి. రోగి పడే బాధ చూస్తే పరికరాల శుభ్రత ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

కారణం మీ ఉత్తరంలోనే ఉంది. 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు ఉంచితే అది డిసిన్ఫెక్షన్ మాత్రమే, స్టెరిలైజేషన్‌కు సుమారు 10 గంటలు కావాలి. పైగా సరిగ్గా కడగని పరికరాన్ని ముంచితే రక్తం, కణజాలం లోహానికి గట్టిపడి అతుక్కుంటాయి, క్రిములు వాటి కింద క్షేమంగా ఉంటాయి. ఆ తర్వాత కుళాయి నీళ్లతోనో కాచి చల్లార్చిన నీళ్లతోనో కడిగితే నీటిలోని మైకోబాక్టీరియాను మీ చేతులతోనే ఎక్కించినట్టవుతుంది. ఫార్మలిన్ మాత్రల డబ్బాను కూడా నమ్ముకోవద్దు.

ఇలా మార్చండి. ఆపరేషన్ ముగియగానే, రక్తం ఆరకముందే పరికరాలను తడిపి పెట్టండి. ప్రతి గ్రాస్పర్‌నూ (కణజాలాన్ని పట్టుకునే పరికరాన్ని) పిడి, ఇన్సర్ట్, బయటి గొట్టంగా విడదీయండి. ట్రోకార్ వాల్వు, వాషర్లు కూడా విప్పండి, ఎక్కువ మురికి దొరికేది అక్కడే. ఎంజైమ్ ద్రావణంలో సీసా మీద రాసినంతసేపు ఉంచి, గొట్టంలో పట్టే సన్నని బ్రష్‌తో నీటి అడుగునే తోమి, సిరంజితో నీళ్లు కొట్టండి. చివరి కడుగు డిస్టిల్డ్ నీళ్లతో చేయండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కీళ్ల దగ్గర తెల్లటి పొర కట్టి పరికరం బిగుసుకుపోతుంది. పూర్తిగా ఆరబెట్టి, విప్పిన స్థితిలోనే చుట్టి 121 డిగ్రీల దగ్గర 15 పౌండ్ల ఒత్తిడిలో 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి. స్కోపు మీద ‘ఆటోక్లేవబుల్’ అని ఉంటేనే అందులో పెట్టండి. లేకపోతే ఈటీఓ (ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్), లేదా ప్లాస్మా స్టెరిలైజర్. ఈటీఓ తర్వాత గాలి పట్టించే గంటలు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మీరు 20 నిమిషాలకు దిగజారడానికి అసలు కారణం ఒకే సెట్టుతో రోజుకు నాలుగైదు కేసులు చేయడం. యాజమాన్యానికి ఇది సూటిగా చెప్పండి: ట్రోకార్లు, చేతి పరికరాలు కనీసం మూడు సెట్లు, స్కోపులు రెండు కావాలి. అవి వచ్చేదాకా రోజుకు ఎన్ని సెట్లు స్టెరైల్ అయితే అన్ని కేసులే పెట్టాలి. ప్రతి సెట్టుకు నంబరు వేసి, ఏ రోగికి ఏ సెట్టు వాడారో రిజిస్టరులో రాయండి. ఇంకో గడ్డ వస్తే ఏ సెట్టు పక్కన పెట్టాలో వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఈ కోర్సులు లెక్కలోకి వస్తాయా? ఏది చేయాలి? – సర్జన్, మార్కాపురం

జవాబు: 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం ఐదేళ్లలో 30 గంటల సీఎంఈ (నిరంతర వైద్య విద్య) ఉండాలి. కోర్సుకు డబ్బు కట్టేముందే దానికి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ క్రెడిట్ పాయింట్లు ఇచ్చిందా అని అడగండి. సర్టిఫికెట్ మీద మీ రిజిస్ట్రేషన్ నంబరు సరిగ్గా ఉందో అక్కడే చూసుకోండి. ప్రాక్టీసు ఆపలేనివారికి మినిమల్ యాక్సెస్ సర్జన్ల సంఘం అమాసి వారి ఎఫ్‌మాస్ ఫెలోషిప్, గ్యాస్ట్రో ఎండో సర్జన్ల సంఘం ఐఏజీఈఎస్ వారి ఫెలోషిప్ అందుబాటులో ఉన్నాయి. ఎంఎస్ ముగించి ఇంకా ఊళ్లో స్థిరపడనివారైతే నేషనల్ బోర్డు ఇచ్చే రెండేళ్ల ఫెలోషిప్ ఎఫ్ఎన్‌బీ మినిమల్ యాక్సెస్ సర్జరీకి ప్రయత్నించడం మంచిది. చేరేముందు ఆ కేంద్రంలో ఫెలోలు సొంత చేత్తో ఎన్ని ఆపరేషన్లు చేస్తారో, లాగ్‌బుక్ చూపించమని పాత ఫెలోలనే అడగండి.