నెమర్టియాలో దారం లేదు

ప్రశ్న: రిబ్బన్ పురుగుల వర్గాన్ని ఒక పుస్తకంలో నెమర్టియా అని, ఇంకోదాంట్లో రింకోసీలా అని రాశారు. రెండూ ఒకటేనా? గ్రీకులో ‘నేమా’ అంటే దారం కదా, నెమర్టియా అంటే దారంలాంటివి అనుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: రెండూ ఒకే వర్గం పేర్లే. దారం మాత్రం గుండ్రటి పురుగుల వర్గమైన నెమటోడాది, దాన్ని ఇక్కడికి తేకండి. పరీక్షల్లో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. (నెమరువేతతోనూ సంబంధం లేదు!)

నెమర్టెస్ గ్రీకు పురాణాల్లో ఒక సముద్రకన్య. సముద్రదేవుడు నెరియస్ కూతుళ్లు యాభైమందిలో ఒకరుగా హెసియడ్ కావ్యం ‘థియోగనీ’లో కనిపిస్తుంది. ఆ పేరును విడదీస్తే ‘నే’ అంటే లేదు, మిగతాది ‘హమర్టానో’ అనే క్రియ నుంచి వచ్చింది. ఆ క్రియకు మొదటి అర్థం ఈటె విసిరితే గురి తప్పడం. కాబట్టి నెమర్టెస్ అంటే గురి తప్పనిది, పొరబడనిది. ఈ పురుగు తుండం గురి చూసి కొడుతుంది కాబట్టే ఆ పేరు పెట్టారని కొందరు రాస్తారు. ఆ వివరణ ముచ్చటగా ఉన్నా, సముద్రపు పురుగులకు ఈ కన్యల పేర్లు పెట్టే అలవాటు అప్పటికే ఉంది. జీవులకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లోనే ఒక పురుగుకు ‘నెరీస్’ అని పెట్టాడు.

నెమర్టెస్‌ను ప్రజాతి (జీనస్) పేరుగా వాడింది ఫ్రెంచి జీవశాస్త్రవేత్త క్యూవియే, 1817లో. ఆయన ‘నెమర్టెస్ బోర్లాసీ’ అన్న పురుగునే నార్వే జీవశాస్త్రవేత్త గున్నెరస్ 1770లో ‘లాంగిస్సిమా’ అన్నాడు. ‘లినియస్’ అనే ప్రజాతి పేరునూ సోవర్బీ 1806లోనే పెట్టాడు. ముందు పెట్టిన పేరుదే హక్కు కనుక ఇవాళ అది లినియస్ లాంగిస్సిమస్. క్యూవియే ప్రజాతి పేరు అలా పక్కకు పోయింది. వర్గాల పేర్లకు ఆ నియమం వర్తించదు కాబట్టి నెమర్టియా మాత్రం నిలిచింది.

రింకోసీలా అర్థం సూటిగా ఉంటుంది: ‘రింకోస్’ ముట్టె, ‘కోయిలోస్’ బోలు. పేగు పైన, దానితో కలవకుండా, ద్రవం నిండిన గది ఒకటి ఉంటుంది. అదే రింకోసీల్. తుండం అందులో ముడుచుకుని ఉంటుంది. గది చుట్టూ ఉన్న కండరాలు బిగిస్తే ద్రవం ఒత్తిడికి తుండం చొక్కా చేతిని తిరగేసినట్టు లోపలిది బయటికి వస్తూ దూసుకొస్తుంది. వెనక్కి లాగడానికి వేరే కండరం ఉంది. ఈ వర్గంలోని హోప్లోనెమర్టియా అనే గుంపులో తుండానికి ముల్లు కూడా ఉంటుంది, ‘హోప్లాన్’ అంటే ఆయుధం. క్యూవియే పేరు పెట్టిన పురుగుకు ఆ ముల్లు లేదు.