పోరాట క్రీడలకు ఇంత ప్రచారం, ఆటగాళ్ల సొంత డప్పు అవసరమా?

"బాక్సింగ్, కుస్తీ, ఎంఎంఏ (రకరకాల పోరాట విద్యలు కలిపి ఆడే ఆట) వంటి ఆటల్లో పోటీకి ముందు ఇంత హడావుడి ఎందుకు? ఆట బాగుంటే చాలదా? ఆటగాడికి నోరెందుకు?" అని అడిగారు. నేను పద్నాలుగేళ్లు బాక్సింగ్ ఆడాను. ఆ తరువాత ఇప్పటివరకు సాయంత్రాలు పిల్లలకు నేర్పుతున్నాను. ప్రచారం కావాలనే నేనంటాను. అది లేక మంచి ఆటగాళ్లు మాయమైపోవడం కళ్లారా చూశాను. కానీ ఆ భారం ఆటగాడి నెత్తిన పెట్టడం అన్యాయం. మీ ప్రశ్నలో ఈ రెండూ కలిసిపోయాయి కాబట్టి విడదీసి చెబుతాను.

మాది నిజామాబాద్ జిల్లాలో బోధన్ వైపు పల్లె. మా దగ్గర జాతరలకు, హోలీకి కుస్తీలు జరుగుతాయి. హున్సాలో హోలీ రోజు కుస్తీల తరువాత జరిగే పిడిగుద్దులాట గురించి పత్రికల్లో చదివే ఉంటారు. చిన్నప్పుడు తాత నన్ను భుజాల మీద ఎక్కించుకుని కుస్తీలు చూపించేవారు. ముందురోజే చాటింపు వేసేవారు కాబట్టి చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చేవి. మొదట కొబ్బరికాయ కుస్తీ. చిన్న పిల్లలు పట్టు పడతారు, గెలిచినవాడికి కొబ్బరికాయ. పొద్దు వాలే కొద్దీ పందెం పెరిగి, ఆఖరి కుస్తీకి వెండి కడియం పెడతారు. ఆ కడియాన్ని పైకెత్తి పట్టుకుని ఒక పెద్దమనిషి బరి చుట్టూ తిరిగేవాడు. "ఇతను ఫలానా ఊరి పహిల్వాన్. నిరుడు ఇదే బరిలో ముగ్గురిని పడగొట్టాడు. ఇతనికి జోడీ ఎవరు?" అని అడిగేవాడు. డప్పులు ఆగిపోయేవి. జనంలోంచి ఎవరో ఒకరు చొక్కా విప్పుతూ లేచేవారు. మళ్లీ డప్పు మొదలయ్యేది. నా కాళ్లు తాత ఛాతీని ఎంత గట్టిగా పట్టుకునేవో నాకిప్పటికీ గుర్తు.

అక్కడ పహిల్వాన్ తన గురించి తాను చెప్పుకునేది ఒక్కటే: తొడగొట్టడం. అది కూడా బరిలో నిలబడి, ఎదుటివాడు చూస్తుండగా. అతని ఊరు, గురువు, గెలిచిన కుస్తీలు, పాత పగలు అన్నీ పెద్దమనిషి చెప్పేవాడు. గెలిచాక పహిల్వాన్ జనం మధ్య తిరిగితే ఇనాములు ఇచ్చేవారు. తాత తన రూపాయిని నా చేత ఇప్పించేవారు. పెద్దమనిషి బాగా చెప్పిన రోజు ఆ పహిల్వాన్ చేతిలో నోట్లు ఎక్కువ కనిపించేవి. ఆ సంబంధం నాకు చాలా ఏళ్ల తరువాత, నేనే పోటీలు నడిపినప్పుడు గాని అర్థం కాలేదు.

ఆటగాడు గొంతెత్తడం ఈ కాలపు జబ్బు అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. 1910లో గామా పహిల్వాన్ లండన్ వెళితే, ఎత్తు తక్కువని పోటీలోకి రానివ్వలేదని చెబుతారు. ఆయన బహిరంగంగా సవాలు విసిరారు: ఏ బరువువాళ్లయినా సరే, ముగ్గురిని అరగంటలో పడగొడతానని. మొదట ఎవరూ నమ్మలేదు. చివరికి సెప్టెంబరు 10న పోలండ్ వస్తాదు జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పోరాడారు, ఫలితం తేలలేదు. వారం తరువాత మళ్లీ తలపడాల్సిన రోజున జిబిస్కో రానే లేదు. తలుపులు మూసినవాళ్ల ముందు గొంతెత్తడం తప్ప గామాకు వేరే దారి ఏముంది?

ఇక నా సంగతి. 2003లో ఒక విశ్వవిద్యాలయ స్థాయి పోటీలో ఫైనల్ ఆడాను. అప్పుడు నాలుగు రౌండ్లు, ఒక్కోటి 2 నిమిషాలు. ఎదుటివాడిది ఎడమచేతివాటం. మూడో రౌండులో రెండుసార్లు నన్ను తాళ్ల మీదికి నెట్టాడు. ఆఖరి రౌండులో అతన్ని పొట్ట మీద కొడుతూ, ఊపిరి తీసుకోనివ్వకుండా మీదికి వెళ్లి, స్వల్ప తేడాతో గెలిచాను. అంతకంటే మంచి బౌట్ నేను మళ్లీ ఆడలేదు. రిఫరీ నా చేయి పైకెత్తినప్పుడు చుట్టూ చూశాను. వందల మంది పట్టే హాలులో ముప్పై మంది కూడా లేరు. అందులో సగం మంది తమ బౌట్ కోసం చేతులకు పట్టీలు చుట్టుకుంటున్నవాళ్లే. మరునాడు ఒక పత్రికలో ఒక్క వాక్యం వచ్చింది. నా పేరు తప్పు పడింది, అతని పేరే లేదు.

నా బాధ ఎప్పుడో పోయింది. అతని విషయంలో మాత్రం పోలేదు. నిజానికి అతను నాకంటే మెరుగైన బాక్సర్. తండ్రి లేడు, వేసుకున్న బూట్లు అరువువి. మరుసటి ఏడాది పోటీలకు రాలేదు. చాలా కాలానికి ఒక టీ కొట్టు దగ్గర కలిశాడు, లారీ నడుపుతున్నాడు. ఎందుకు మానేశావని అడిగితే, "నేను మానేసిన సంగతి కూడా ఎవరికీ తెలియలేదన్నా" అన్నాడు. ఆట బాగుంటే చాలదా అని ఎవరు అడిగినా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఆ రోజు మా ఆట బాగుంది. అది అతనికి చాలలేదు.

ఇది చిన్న ఊళ్ల గోడు మాత్రమే అనుకోవద్దు. అమెరికాలో ఎంఎంఏ పోటీలు నడిపే పెద్ద సంస్థ యూఎఫ్‌సీలో డెమెట్రియస్ జాన్సన్ తేలిక బరువుల్లో ఒకటైన ఫ్లైవెయిట్ టైటిల్‌ను వరుసగా 11 సార్లు నిలబెట్టుకున్నాడు. అది అక్కడ రికార్డు. 2017లో రే బోర్గ్‌ను ఎత్తి విసురుతూ, అతను నేలను తాకేలోపే చేయి పట్టి లొంగదీసుకున్న ఆ కొన్ని క్షణాలను మా పిల్లలకు నెమ్మదిగా తిప్పి తిప్పి చూపిస్తాను. అంతటివాడు ఎవరినీ తిట్టడు, ఎవరి మీదా కుర్చీలు విసరడు. అందుకే జనాన్ని రప్పించలేడన్న పేరు పడింది. 2018 ఆగస్టులో హెన్రీ సెహుడో చేతిలో టైటిల్ పోయింది. కొన్ని నెలల్లోనే బెన్ ఆస్క్రెన్ అనే మరో ఆటగాడి కోసం అతన్ని వన్ ఛాంపియన్‌షిప్ అనే వేరే సంస్థకు మార్పిడి చేశారు. యూఎఫ్‌సీలోనే, అదే ఏడాది అక్టోబరులో మెక్‌గ్రెగర్, ఖబీబ్ తలపడితే, డబ్బు కట్టి ఇంట్లో చూసే ప్రసారానికి కొనుగోళ్లు దాదాపు 24 లక్షలు. దానికి ముందు ఏం జరిగింది? ఖబీబ్ ఉన్న బస్సు అద్దాల మీదికి మెక్‌గ్రెగర్ సామాన్ల బండి విసిరాడు. ఖబీబ్ తండ్రిని, మతాన్ని, దేశాన్ని ఎత్తి మాట్లాడాడు. పోరు ముగియగానే ఖబీబ్ కంచె దూకి మెక్‌గ్రెగర్ బృందం మీద పడ్డాడు. జరిమానాలు, నిషేధాలు తరువాత వచ్చాయి. డబ్బు మాత్రం ముందే వచ్చేసింది. డప్పు కొట్టాల్సినవాళ్లు తమ పని మాని, "నీ డప్పు నువ్వే కొట్టుకో, ఎంత గట్టిగా కొడితే అంత ఇస్తాం" అంటే ఇలాగే ఉంటుంది. మౌనంగా ఉండేవాడు తన మౌనానికి మూల్యం చెల్లించుకుంటాడు.

ఇక్కడే మా జిల్లా అమ్మాయి నిఖత్ జరీన్ గురించి చెప్పాలి. నాకు పరిచయం లేదు, దూరం నుంచి చూసి గర్వపడేవాడిని. 2011లోనే టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. అప్పుడు దేశంలో ఎంతమందికి తెలిసింది? 2019లో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల విభాగంలో సెలెక్షన్ ట్రయల్ లేకుండానే మేరీ కోమ్‌ను పంపాలని బాక్సింగ్ సమాఖ్య భావించినప్పుడు, నిఖత్ క్రీడా మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. తనకు పతకం ఇమ్మని అడగలేదు, ఒక్క బౌట్ ఇమ్మని అడిగింది. అప్పటికి ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మేరీ కోమ్, "ఎవరీ నిఖత్ జరీన్?" అన్నారు. ఆ ఒక్క మాటతో పత్రికలు, టీవీలు అటు తిరిగాయి. డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయింది. బౌట్ అయ్యాక మేరీ కోమ్ చేయి కలపలేదు.

ఆ రోజుల్లో మా పిల్లల తల్లిదండ్రుల్లో కొందరు, "ఆ అమ్మాయికి అంత నోరెందుకు, పెద్దావిడతో పెట్టుకోవడం ఎందుకు?" అన్నారు. నేను గట్టిగా వాదించాను, ఇప్పుడూ వాదిస్తాను. ఆమె లేఖ రాయకపోతే ఆ ట్రయల్ జరిగేదని నేను నమ్మను. మేరీ కోమ్ మీద నాకున్న గౌరవం తగ్గలేదు. పిల్లల తల్లిగా ఆమె నిలబడకపోతే మన ఊళ్లలో ఆడపిల్లలకు గ్లవ్స్ కొనిచ్చే తండ్రులే ఉండేవారు కాదు. కానీ న్యాయం అడగడానికి గొంతెత్తడాన్ని సొంత డప్పు అనకూడదు.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ 5-0తో ప్రపంచ ఛాంపియన్ అయింది. విలేకరులతో మాట్లాడుతూ, తాను ట్విట్టర్‌లో ట్రెండ్ అవుతున్నానా అని అడిగింది. అలా కావాలన్నది తన కలల్లో ఒకటని చెప్పింది. కొందరు నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండేళ్ల క్రితం ప్రపంచాన్ని గెలిచి ఇంటికొస్తే ఎవరికీ తెలియని పిల్ల అడిగిన మాట అది. తరువాత రాష్ట్ర ప్రభుత్వం 2 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. ఆ నెలలో మా దగ్గరికి ఆడపిల్లలను తీసుకొచ్చిన తల్లులను లెక్కపెట్టాను: పదిహేడు మంది. అంతకుముందు ఏడాది మొత్తానికి నలుగురు.

కానీ ప్రచారం మనిషిని కరుస్తుంది కూడా. మహమ్మద్ అలీ కుర్రవాడిగా ఉన్నప్పుడు, 1961లో, గోర్జియస్ జార్జ్ అనే కుస్తీ వస్తాదు దగ్గర ఈ విద్య చూసి నేర్చుకున్నారు. జనం నీ ఓటమి చూడటానికైనా టికెట్ కొంటారన్నది అందులోని కిటుకు. ప్రపంచం ఆయన మాటలకు మురిసిపోయింది. ఆయన ప్రత్యర్థి బాక్సర్ జో ఫ్రేజియర్ మురిసిపోలేదు. అలీకి బాక్సింగ్ ఆడే లైసెన్సు లేని కాలంలో అండగా నిలిచిన మనిషి ఫ్రేజియర్. అతన్ని అలీ 1971 పోరుకు ముందు తెల్లవాళ్ల బంటు అన్నారు, 1975 మనీలా పోరుకు ముందు గొరిల్లా అన్నారు. 2001లో అలీ క్షమాపణ చెప్పారు, అదంతా పోరుకు ప్రచారం కోసమే అన్నారు. ఫ్రేజియర్ ఆ గాయాన్ని దశాబ్దాలు మోశారు. అలీని నేను ఎంత ప్రేమిస్తానో, ఆ మాటలను అంత ద్వేషిస్తాను.

నా కళ్ల ముందే ఒకటి జరిగింది. కొన్నేళ్ల క్రితం టికెట్ పెట్టి బౌట్లు నడిపే ఒక నిర్వాహకుడు మా కుర్రవాడిని తీసుకున్నాడు. వాడికి 19 ఏళ్లు, నెమ్మదస్థుడు. పోటీకి ముందు బరువు చూసే తూకం రోజున ఎదుటి ఆటగాడి ఊరిని, ఇంటిని కించపరిచే మాటలు రాసిచ్చి చెప్పించారు. వీడియో ఊరూరా తిరిగింది. బౌట్‌కు నాలుగు రోజుల ముందు సాధనలో వాడి కుడి చేతి ఎముక చిట్లింది. వద్దన్నాను. "పోస్టర్లు పడ్డాయి సార్, ఇప్పుడు తప్పుకుంటే భయపడి పారిపోయాడంటారు" అన్నాడు. నేను ఇంకా గట్టిగా అడ్డుపడాల్సింది. పడలేదు, ఆ తప్పు నాది. రెండో రౌండులోనే ఒంటి చేత్తో ఆడుతున్నాడని అందరికీ తెలిసిపోయింది. కుర్చీలు లేచాయి, తిట్లు మొదలయ్యాయి. ఓడిపోయి దిగాక వాడు తన చేయి చూసుకోలేదు. నేరుగా వెళ్లి ఎదుటివాడి తల్లికి దండం పెట్టాడు. ఆమె అక్కడ ఉంటుందని వాడు అనుకోలేదట.

ఆ తరువాత మేమే పోటీలు పెట్టుకోవడం మొదలుపెట్టాం, చిన్నవే. మొదటిసారి పేర్లు, బరువులు మాత్రమే ఫ్లెక్సీ మీద వేశాం, జనం రాలేదు. రెండోసారి బడులకు తిరిగి, ఒక్కొక్కరి గురించి నాలుగు వాక్యాలు రాసి అంటించాం. ఎర్ర మూలలో ఉన్న అమ్మాయి వాళ్లమ్మతో కలిసి బీడీలు చుట్టి, ఆ తరువాత సాధనకు వస్తుంది. నీలి మూలలోని అమ్మాయి కిందటిసారి ఈమె చేతిలోనే ఒక్క పాయింటు తేడాతో ఓడింది. అంతే రాశాం. అరుగుల మీద కూడా చోటు లేనంతమంది వచ్చారు. నీలి మూల అమ్మాయి గెలిస్తే బీడీ కార్మికులే ముందు చప్పట్లు కొట్టారు. ఒక రైసుమిల్లు యజమాని ఆ రాత్రే పన్నెండు జతల గ్లవ్స్‌కు డబ్బిచ్చాడు. మాకు ఉన్న కట్టుబాటు ఒకటే: మైకు ఆటగాడి చేతికి ఇవ్వం, అతని గురించి మేమే చెబుతాం. ఇప్పుడు మైకు పట్టుకునేది చేయి విరిగిన ఆ కుర్రవాడే. బౌట్‌కు ముందు రెండు మూలలకూ వెళ్లి, ఏం చెప్పమంటారు, ఏం చెప్పొద్దంటారు అని అడిగి వస్తాడు.

వచ్చే నెల పోటీలకు 32 పేర్లు వచ్చాయి. ఇరవై ఒక్క మంది వివరాలు రాసేశాం. 48 కిలోల్లో ఒక అమ్మాయి ఉంది, ఎడమ చేయి మెరుపులా వస్తుంది, కానీ తన గురించి ఒక్క మాట చెప్పమంటే తల వంచుకుని గ్లవ్స్ సర్దుకుంటుంది. రేపు సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి వాళ్లమ్మను అడగాలి.