‘మచ్ అడో ఎబౌట్ నథింగ్’లో హీరో తనపై పడిన నిందకు ఎందుకు బదులు చెప్పదు?

బదులు చెబుతుంది, వినేవాళ్ళే లేరు.

పేరు చూసి పొరబడకండి. షేక్‌స్పియర్ రాసిన ఈ హాస్యనాటకంలో హీరో అంటే కథానాయకుడు కాదు, మెస్సీనా గవర్నరు లియొనాటో కూతురు. పెళ్ళినాడు చర్చిలో వరుడు క్లాడియో ఆమెను ‘కుళ్ళిన నారింజ’ అంటూ తండ్రికి తిప్పి ఇచ్చేస్తాడు. రాత్రి పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య కిటికీ దగ్గర ఎవరితో మాట్లాడావని నిలదీస్తాడు. ‘ఆ వేళ నేను ఏ మగవాడితోనూ మాట్లాడలేదు’ అని ఆమె సూటిగానే చెబుతుంది. ఆ జవాబునే క్లాడియో పక్షాన ఉన్న రాజకుమారుడు డాన్ పెడ్రో ఆమె తప్పుకు రుజువుగా తిప్పేస్తాడు. నిజానికి కిటికీలో ఉన్నది పరిచారిక మార్గరెట్. డాన్ పెడ్రో సవతి తమ్ముడు డాన్ జాన్ కోసం అతని అనుచరుడు బొరాకియో పన్నిన పన్నాగం అది. కన్నతండ్రి కూడా ఆమె చస్తేనే పరువు దక్కుతుందంటాడు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మరొకటి. కావలివాళ్ళు బొరాకియోను ముందు రాత్రే పట్టుకున్నారు. ఆ సంగతి చెప్పడానికి పొద్దున్నే వచ్చిన కావలివాళ్ళ అధికారి డాగ్‌బెర్రీ సోది వినే ఓపిక లేక, పెళ్ళి హడావుడిలో ఉన్న లియొనాటో అతన్ని పంపించేస్తాడు!

ఆమె చనిపోయిందని ప్రచారం చేయమని సలహా ఇచ్చింది మతగురువు ఫ్రాన్సిస్. పన్నాగం బయటపడ్డాక, చివర్లో ఆమె లియొనాటో సోదరుడి కూతురన్న పేరుతో ముసుగు వేసుకుని వస్తుంది. ముఖం చూడకుండానే క్లాడియో పెళ్ళికి మాట ఇస్తాడు. ముసుగు తీశాక అతని నోట వచ్చేది ‘మరో హీరో!’ అన్న మాటే. క్షమించమని ఆమెను అడగనే అడగడు.