చిన్న దొంగతనం కేసులో రైకర్స్ ఐలండ్ జైలుకి పంపిస్తారా? పంపితే ఏం చేయాలి?

న్యూయార్క్‌లో ఎం.ఎస్. చదువుతున్న మీ తమ్ముణ్ణి షాపులో బిల్లు కట్టకుండా సరుకు తెచ్చాడని పోలీసులు పట్టుకున్నారనీ, రైకర్స్ ఐలండ్‌కి పంపిస్తారని ఎవరో భయపెట్టారనీ రాశారు.

మొదటి కేసు, సరుకు వెయ్యి డాలర్ల లోపు, ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు అంటే ఆ అవకాశం చాలా తక్కువ. 2020 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఇలాంటి మిస్‌డిమీనర్ (చిన్న నేరం) కేసుల్లో జడ్జి మామూలుగా డబ్బు బెయిల్ అడగకూడదు. చాలాసార్లు స్టేషన్‌లోనే వేలిముద్రలు తీసుకుని, 'డెస్క్ అప్పియరెన్స్ టికెట్' చేతికిచ్చి వదిలేస్తారు. కోర్టుకి రావాల్సిన తేదీ దాని మీదే ఉంటుంది, మామూలుగా 20 రోజుల లోపే.

ఐడీ చూపించలేకపోయినా, పాత వారెంట్ ఉన్నా స్టేషన్ నుంచి వదలకుండా కోర్టుకి తీసుకెళ్ళొచ్చు. షాపు గార్డుని తోసేసి సరుకుతో పారిపోబోతే చిన్న దొంగతనం కాస్తా రాబరీ (బలప్రయోగంతో చేసే దొంగతనం) కావచ్చు. ఒక కేసు నడుస్తుండగానే రెండోది పడినా, వాయిదాలకి కావాలని పదేపదే ఎగ్గొట్టినా బెయిల్ అడిగే దారి తెరుచుకుంటుంది. ఇలాంటి కేసుల్లో బెయిల్ కట్టలేనివాళ్ళే రైకర్స్‌కి చేరతారు.

క్వీన్స్‌కీ బ్రాంక్స్‌కీ మధ్య ఈస్ట్ రివర్‌లో సుమారు 413 ఎకరాల దీవి అది. జైలు తెరిచింది 1932లో. 1966లో కట్టిన ఒక్క వంతెనే దారి. లోపలున్నవాళ్ళలో ఎక్కువమంది శిక్ష పడినవాళ్ళు కాదు, రిమాండ్ ఖైదీలు. 2010లో బ్యాగు దొంగిలించాడని పట్టుకున్న కాలీఫ్ బ్రౌడర్ వయసు 16 ఏళ్ళు. 3,000 డాలర్ల బెయిల్ ఇంట్లోవాళ్ళు కట్టలేకపోయారు. ట్రయల్ జరగకుండానే మూడేళ్ళు ఉంచారు, అందులో చాలా కాలం ఒంటరి సెల్లో. 2013లో కేసు కొట్టేశారు. 2015లో ఆ అబ్బాయి ప్రాణం తీసుకున్నాడు. చట్టం మారడానికి ఆ కేసు ఒక పెద్ద కారణం.

ఒకవేళ లోపల పెడితే మీరు గడియారం మీద కన్నేసి ఉండాలి. గడువు దాటిందని జైలువాళ్ళు పిలిచి చెప్పరు.

అరెస్టయిన 24 గంటల్లో జడ్జి ముందు పెట్టాలి. కారణం లేకుండా దాటితే లాయరు హేబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించారనే పిటిషన్) వేస్తారు. తర్వాతది న్యూయార్క్ క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలోని 170.70 సెక్షన్. మొదటి ఫిర్యాదు తరచుగా, షాపువాళ్ళు చెప్పారంటూ పోలీసు రాసిందే అయివుంటుంది. కళ్ళారా చూసిన గార్డు సంతకం ఐదు రోజుల్లో (ఆదివారం లెక్కలోకి రాదు) రాకపోతే, మిస్‌డిమీనర్ కేసులో లోపలున్న మనిషిని బెయిల్ లేకుండానే వదలాలి. గార్డు దొరక్కపోవడం మామూలే కాబట్టి ఆరో రోజు పొద్దున్నే లాయర్ని అడగండి. ఆ తర్వాత అదే చట్టంలో 30.30 సెక్షన్: ప్రాసిక్యూషన్ వైపు ఆలస్యం 30 రోజులు దాటితే, ఇలాంటి చిన్న దొంగతనం వచ్చే 'ఎ' క్లాసు మిస్‌డిమీనర్‌లో విడుదల చేయాలి. మన లాయరు అడిగిన వాయిదాల రోజులు ఇందులో తీసేస్తారు.

బెయిల్ పెడితే జడ్జి కనీసం మూడు రకాలుగా కట్టే వీలివ్వాలి. అందులో ఒకటి ముందు డబ్బేమీ కట్టనవసరం లేని బాండో, మొత్తంలో 10 శాతం మించకుండా కట్టే బాండో అయివుండాలి. కట్టడానికి వెళ్ళే స్నేహితుడి దగ్గర మీ తమ్ముడి నైసిడ్ నంబరు (వేలిముద్రల మీద రాష్ట్రం ఇచ్చే గుర్తింపు నంబరు) గానీ, బుక్ అండ్ కేస్ నంబరు (జైల్లో చేర్చుకున్నప్పుడు ఇచ్చేది) గానీ ఉండాలి. మన పేర్ల స్పెల్లింగులతో వెతికితే తరచుగా దొరకరు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. 'ఒప్పుకుంటే ఇవాళే ఇంటికి' అన్నా తప్పు ఒప్పుకోవద్దు. అమెరికా పౌరుడికి అది చిన్న మచ్చ. వీసా మీద ఉన్నవాడికి దొంగతనం ఒప్పుకోలు ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. న్యూయార్క్‌లో మిస్‌డిమీనర్ గరిష్ఠ శిక్షని 2019లో ఏడాది నుంచి 364 రోజులకి తగ్గించింది ఇలాంటివాళ్ళ కోసమే, కానీ దాన్ని నమ్ముకుని సంతకం పెట్టకూడదు. అడగాల్సింది ఏసీడీ: నేరం ఒప్పుకోకుండా, మామూలుగా ఆరు నెలలు గొడవల్లేకుండా ఉంటే కేసు కొట్టేస్తారు. ఇమిగ్రేషన్ మీద పడే ప్రభావం చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యతని అమెరికా సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. మీ తమ్ముడి తరఫున వాదించడానికి ప్రభుత్వం ఇచ్చే ఉచిత లాయరైనా సరే, ఆ ప్రశ్న వేసి జవాబు రాతలో తీసుకోండి. వేలిముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కణ్ణుంచి ఇమిగ్రేషన్‌కి చేరతాయి కాబట్టి వీసా లాయర్ని కూడా వెంటనే కలవాలి. దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చినవాళ్ళ సంగతి వేరు. 2025 జనవరి చట్టం ప్రకారం దొంగతనం కేసులో అరెస్టయినా చాలు, ఇమిగ్రేషన్‌వాళ్ళు నిర్బంధించాలి.

భారత కాన్సులేట్‌కి కబురు పెట్టమని అడిగే హక్కు వియన్నా ఒప్పందం 36వ అధికరణం కింద ఉంది. మన దేశం విషయంలో ఆ కబురు దానంతటదే వెళ్ళదు, నోరు తెరిచి అడగాలి. వాళ్ళు బెయిల్ కట్టరు, కోర్టులో వాదించరు. బాగోగులు కనుక్కుంటారు, ఇంటికి సమాచారం ఇస్తారు.

లోపల్నుంచి ఫోన్లు ఉచితం, కానీ రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు, అనువదించేవాళ్ళు ఉంటారు. కేసు సంగతి లాయరుతోనే. శాకాహారం మతనియమమైతే మొదటి రోజే రాయించాలి. వైద్యం చూసేది జైలు శాఖ కాదు, నగర ఆసుపత్రుల సంస్థ. మందుల చీటీ లాయరు ద్వారా వాళ్ళకే పంపండి. వాయిదా రోజు జైలువాళ్ళు కోర్టు బస్సెక్కించకుండా 'రానన్నాడు' అని రాసేస్తే లాయరు ఆ రోజే జడ్జికి చెప్పాలి.

ఈ జైళ్ళలో హింస మీద 2015 నుంచి ఫెడరల్ కోర్టు పర్యవేక్షణ ఉంది. దెబ్బలు తగిలితే అదే రోజు క్లినిక్‌లో రాయించుకోవాలి. నగరం మీద పరిహారం దావా వేయాలంటే, జరిగిన రోజు నుంచి 90 రోజుల్లో 'నోటీస్ ఆఫ్ క్లెయిమ్' ఇవ్వాలి. కేసు తేలాక చూద్దామని ఆగితే ఆ గడువు దాటిపోతుంది.